పనసచెక్క మీద వరాలు ముగ్గు

దాలినాయుడి దిగులంతా ఒక్క చెక్క గురించి.

మూరన్నర పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పనసచెక్క అది. భార్య వరాలు పుట్టింటి పెరట్లో పనసచెట్టు తుపానుకి కూలిపోతే, కోయించి, ఆరబెట్టి, తెచ్చుకున్నది. ఆ చెట్టు తాలూకు చెక్క ఇక అదొక్కటే మిగిలింది. దాని మీద వరాలు గీసిన ఆఖరి ముగ్గు చెక్కాలి. ఆమె సంవత్సరీకం నాటికి వీధి అరుగు మీద, గుమ్మం పక్కన బిగించాలి. చెయ్యి జారి చెక్క పాడైతే ఇంకో చెక్క ఎక్కడా దొరకదు.

చేతులు చూస్తే వణుకుతున్నాయి.

సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు వెల్డింగు చేసిన చేతులవి. నిప్పురవ్వలు మీద పడుతున్నా కదలకుండా నిలబడిన చేతులు. వరాలు చనిపోయిన నెల నుంచి వాటికి వణుకు పట్టుకుంది. డాక్టరు చూసి నరాలకేం జబ్బు లేదన్నాడు. అన్నం కలుపుకుంటున్నా, తలుపు తాళం తీస్తున్నా వణుకే. ఉలి పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. మామిడిచెక్కల మీద మూడుసార్లు ప్రయత్నించి, మూడూ పొయ్యిలో పెట్టేశాడు.

ఆ షెడ్డులోనే చెక్కపని మేస్త్రిగా చేసి, చూపు తగ్గాక మానేసిన సింహాద్రాచారి అతని గురువు. పదేళ్లుగా ప్రతి ఆదివారం దాలినాయుడు ఆయన ఇంటికి పోయి ఉలి పట్టడం నేర్చుకుంటున్నాడు. ఇనుముతో బతికేవాడికి చెక్క మీద మోజేమిటని షెడ్డులో అందరూ ఆటపట్టించేవాళ్లు. వరాలు కూడా ఆటపట్టించేది. పిల్లలు లేని ఇంట్లో ఆ ఇద్దరికీ కావలసినంత తీరిక ఉండేది. అతను చెక్కతో కుస్తీ పడుతుంటే, పక్కనే కూర్చుని ఆమె పుస్తకంలో ముగ్గులు గీసుకునేది.

మూడో చెక్క పొయ్యిలో పెట్టిన రోజున దాలినాయుడు గురువు దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఇది నా వల్ల కాదు. మీరే సెక్కి పెట్టండి."

"నాను సెక్కను, నాయినా. అది నీ ఇంటి ముగ్గు."

"నా సెయ్యి నిలబడ్డం లేదు."

"తెలుసు."

ఆ మీదట ఎంత బతిమాలినా ముసలాయన ఒప్పుకోలేదు. వక్క నములుతూ వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. దాలినాయుడికి ఒళ్లు మండిపోయింది. పదేళ్ల శుశ్రూషకి ఇదా ఫలితం అనుకున్నాడు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చేశాడు.

మనిషి పోయిన ఇంటి ముందు ఏడాదిదాకా ముగ్గు పెట్టరు. ముగ్గు పెట్టే మనిషే పోతే ఆ ఏడాది ఎన్నటికీ తీరదు. ఇరుగుపొరుగు వాకిళ్లన్నీ తెల్లారేసరికి తెల్లగా నవ్వుతుంటే, తన వాకిలి ఒక్కటి బోసిగా ఉండటం దాలినాయుడు పదకొండు నెలలుగా చూస్తున్నాడు. ఏడాది తిరిగాక ఎవరినైనా పిలిచి పెట్టించుకోవచ్చు. పెట్టించుకోవాలని లేదు. అందుకే ఆ చెక్క, అందుకే ఆ తాపత్రయం.

ఆ కోపంలో ఉండగానే, షెడ్డుకొచ్చిన లారీ డ్రైవరు ఒకతను యంత్రం సంగతి చెప్పాడు. గాజువాకలో ఒక బ్యాంకు ఉద్యోగి సరదాకి కొనుక్కుని, ఇళ్ల ముందు తగిలించే పేర్ల పలకలు చెక్కుకునేవాడట. ఇప్పుడు దూరం బదిలీ అయి దాన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడట. సీఎన్‌సీ రూటర్ అంటారట. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, గిర్రున తిరిగే బిట్టు అనే ఉక్కు మొనతో చెక్క మీద అదే బొమ్మ దించేస్తుందట. డ్రైవరు ఇంకా ఏవేవో చెప్పాడు. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదన్న మాట ఒక్కటే దాలినాయుడి చెవిలో ఉండిపోయింది.

గాజువాక పోయి దాన్ని కొని, దుప్పట్లు చుట్టి, తాళ్లు కట్టి, లారీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దాంతోపాటు ఒక పాత లాప్‌టాప్, ఒక డబ్బా నిండా బిట్లు. బ్యాంకాయన గంటసేపు అంతా చూపించి, "కొత్తలో ఏడిపిస్తుందండీ, ఓపిక పట్టాలి" అని చెప్పి పంపాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మొదటిరోజు, స్విచ్చి వెయ్యగానే బిట్టు బయల్దేరే మూల ఎక్కడుందో యంత్రానికి చూపించాలన్న సంగతి మర్చిపోయి నడిపించాడు. అది తిన్నగా పోయి చట్రాన్ని గుద్దుకుని, కీచుమని అరుస్తూ అక్కడే గింజుకుంది. రెండోరోజు చెక్క ఒక పక్క లోతుగా తెగింది, రెండో పక్క గీతే పడలేదు. కింద పరిచిన పలక వంగిపోయి ఉంది. దాని మీద బ్యాంకాయన చేసిన తప్పులన్నీ అలాగే ఉన్నాయి. సగం చెక్కి వదిలేసిన అక్షరాలు, దారి తప్పిన గీతలు. ఆ పలకనంతా యంత్రంతోనే పల్చగా గీకించి సాపు చేశాడు.

గుండ్రటి సున్నా గియ్యమంటే కోడిగుడ్డు గీసింది. దాలినాయుడికి తల ప్రాణం తోకకొచ్చింది. అయితే అతను ఇనుము ఎరిగినవాడు. బిట్టుని అటూ ఇటూ నడిపే పొడవాటి మరల కడ్డీని మోటారుకి కలిపే చోట ఒక చిన్న స్క్రూ వదులైందని ఒక పూటలో పట్టేశాడు. బిగించాక సున్నా సున్నాలాగే వచ్చింది. ఆ పూట పదకొండు నెలల తర్వాత మొదటిసారి ఒక్కడూ కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాడు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది అతని అలవాటే. వెల్డింగులో చెయ్యి ఎంత నిదానంగా లాగితే అతుకు అంత బాగుంటుంది. ఆ లెక్కనే యంత్రాన్నీ నిదానంగా నడిపించాడు. చెక్క మాడింది. ఇంకా నిదానం చేశాడు. ఇంకా మాడింది. ఇల్లంతా పొగ వాసన.

ఆ రోజునే సింహాద్రాచారి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మూడు ఆదివారాలు శిష్యుడు కనబడకపోయేసరికి ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చాడు.

"సెక్క మాడతన్నాది."

"నిదానంగానే పోనిస్తన్నాను గురువుగారూ."

"అదే. ఒక్కదగ్గరే నిలబడిపోతే మాడిపోదా? నడిపించు."

దాలినాయుడు వేగం పెంచాడు. పొగ ఆగిపోయింది. బిట్టు కింద నుంచి రంపప్పొట్టు తెల్లగా లేచింది. యంత్రం మొహం చూడని మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాడు కాని, కోపం పూర్తిగా పోలేదు కనుక పైకి అనలేదు. ముసలాయన కాసేపు ఆ చప్పుడు విని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

బిట్టు మొన చెక్కని సరిగ్గా ఎక్కడ తాకుతుందో యంత్రానికి చెప్పడానికి ఒక కాగితం ముక్క వాడాలి. బిట్టు కింద కాగితాన్ని ముందుకీ వెనక్కీ కదుపుతూ, బిట్టుని కొంచెం కొంచెంగా దించాలి. కాగితం పట్టేసినట్టు తగిలిన చోటే లోతు లెక్కకి సున్నా. కాగితాన్ని కదపడానికి దాలినాయుడు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, పట్టుకుంటే చాలు, అదే కదిలేది. అతని వణుకు ఉపయోగపడిన పని లోకంలో అదొక్కటే.

ఇక ముగ్గు.

విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద, పోవడానికి రెండు రోజుల ముందు, వరాలు తన ముగ్గుల పుస్తకంలో బాల్‌పెన్నుతో గీసిన మెలికల ముగ్గు అది. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా. ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. గీతలని యంత్రం నడిచే దారిగా మార్చుకున్నాడు. బ్యాంకాయన చూపించిన వాటిలో ఒక మీట ఉంది. అది నొక్కితే వంకర గీతలు నున్నగా అయిపోతాయి. ఒకసారి నొక్కాడు. కొంచెం సాపయింది. ఇంకోసారి నొక్కాడు. మొత్తం ఆరుసార్లు నొక్కాడు.

సంవత్సరీకం ఇక నాలుగు రోజులుందనగా, ఆదివారం పొద్దున, ఒక మామిడిచెక్క మీద ఆ ముగ్గు దించాడు. కళ్లు చెదిరేలా వచ్చింది. పరుగున పోయి గురువుని వెంటబెట్టుకొచ్చాడు. కోపం సంగతి మర్చేపోయాడు.

"సూడండి గురువుగారూ. ఒక్క వంకర ఉందేమో సూడండి. దీనికి సెయ్యి వణకదు."

సింహాద్రాచారి చెక్కని ఒళ్లో పెట్టుకున్నాడు. చూపు ఆనదు కనుక వేలుతో చూశాడు. గాడిలో వేలు పెట్టి, మెలిక వెంట మెలికగా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చాడు.

"బాగుంది. ఎవలు పెట్టినారు?"

"ఎవలేటి గురువుగారూ! మా వరాలే."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ పిల్ల ముగ్గు నానెరుగుదును. ఆయుధపూజకి నా పనిముట్ల ముందర పదేళ్లు పెట్టినాది. ఏదీ, పుస్తకం తే."

దాలినాయుడు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీశాడు. ఏదో తప్పు చేసి పట్టుబడినవాడిలా అయిపోయింది అతని మొహం. ఎందుకో అతనికే తెలియలేదు. పేజీలో గీత మొదటి నుంచీ వణికింది. ఒకచోట చుక్కని దాటి ఎటో పోయి, మళ్లీ వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. ఇంకోచోట కనబడీ కనబడనంత సన్నబడిపోయింది. చివర్న కలవనేలేదు. నాలుగు చుక్కలు ఉత్తినే మిగిలిపోయి, గీత మధ్యలో ఆగిపోయి ఉంది.

"సాపు సేసినాను" అన్నాడు దాలినాయుడు. "ఆఖర్న నేనే కలిపినాను. జొరంలో గీసినాది గురువుగారూ. ఒంట్లో బాగుంటే ఇలాగ గీసీదా? ఎలా గీద్దామనుకున్నాదో నాకు తెలవదా?"

సింహాద్రాచారి పుస్తకం అందుకున్నాడు. పేజీని వెనక్కి తిప్పాడు. శిష్యుడి కుడిచేతి చూపుడువేలు పట్టుకుని కాగితం వెనక వైపు ఆనించాడు.

పెన్ను నొక్కిన గీత వెనక వైపు ఉబ్బి ఉంది. వేలికి తగులుతోంది. ముసలాయన తన కాయలు కాచిన చేత్తో ఆ వేలుని నెమ్మదిగా నడిపించాడు. గీత సన్నబడిన చోట వేలికి ఏమీ తెలియలేదు. అక్కడ ఆమెకి పెన్ను నొక్కే సత్తువ కూడా లేదు. కొంచెం దూరం పోయాక గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంది. అక్కడ పళ్లు బిగబట్టి గీసి ఉంటుంది. వణుకుతున్న వేలు వణుకుతున్న గీత మీద నడిచింది. ఎక్కడా తొట్రుపడలేదు.

గీత ఆగిపోయిన చోట ఒక బొడిపె తగిలింది. పెన్ను ఒకే చోట చాలాసేపు నిలబడి ఉన్న గుర్తు అది. ఆమె అక్కడ ఎంతసేపు ఆగిందో, ఏం ఆలోచించిందో దాలినాయుడికి తెలియదు. ఆ కాసేపూ అతను కింద టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పుస్తకం మూసి తలగడ పక్కన పెట్టి ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోంది కదా అని పలకరించలేదు. ఈ ఏడాదిలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి తానైనా చెప్పుకోలేదు.

సింహాద్రాచారి అతని వేలు వదిలేశాడు. పుస్తకం మూసి చేతికిచ్చాడు. కర్ర తీసుకుని, గోడ పట్టుకుంటూ ఇంటికి పోయాడు.

దాలినాయుడు మామిడిచెక్కని అటక మీద పెట్టేశాడు. లాప్‌టాప్‌లో నున్నటి ముగ్గుని తుడిచేశాడు. ఫొటోని తెర నిండా పెద్దది చేసుకుని, యంత్రం నడిచే దారి కోసం గీత మీద ఒక్కో చుక్కా పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె పెన్ను ఎక్కడ వణికితే అక్కడ ఒకటి. మళ్లీ ఎక్కడ వణికితే అక్కడ ఇంకొకటి. షెడ్డుకి పోలేదు. ఆది, సోమ, మంగళ, మూడు పగళ్లు పట్టింది.

ఆ మూడు రోజులూ అతను ఆసుపత్రి గదిలోనే ఉన్నట్టుంది. గీత ఎటో పోయి వెతుక్కుంటూ వచ్చిన చోటు చూస్తే, నర్సు సూది వెయ్యడానికి ఆమె ఎడమచెయ్యి పట్టుకోవడం గుర్తొచ్చింది. గీత గట్టిగా పడిన చోట, "ఈ మూల మెలిక ఎప్పుడూ నన్ను ఏడిపిస్తాది" అని ఆమె విసుక్కోవడం గుర్తొచ్చింది. మర్చిపోయాననుకున్నవి ఒక్కొక్కటే వచ్చాయి. ఏదీ సుఖంగా లేదు. అయినా ఒక్కదాన్నీ వద్దనుకోలేదు.

బుధవారం పొద్దున్నే సింహాద్రాచారి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. దాలినాయుడు పనసచెక్కని యంత్రం కింద నాలుగు మూలలా బిగించాడు. కదులుతుందేమోనని రెండుసార్లు గుంజి చూశాడు. కాగితం ముక్కతో సున్నా పట్టాడు. దేవుణ్ణి తలుచుకోలేదు. ఆ అలవాటు పోయిన ఏడే పోయింది. స్విచ్చి వేశాడు.

బిట్టు దిగింది. పసుప్పచ్చటి పొట్టు లేచింది. పనసచెక్క వాసన గదంతా నిండింది. ఇంతకుముందు నున్నగా జారుతూ పోయిన యంత్రం ఇప్పుడు అలా పోలేదు. అడుగడుగునా చిన్నచిన్నగా అదురుతూ, గరగరమంటూ నడిచింది. వరాలు చెయ్యి వణికిన చోటల్లా దాని చట్రం వణికింది. దాలినాయుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కళ్లజోడు మసకబారితే తుడుచుకోలేదు. గీత చుక్కని దాటి అటు పోయి వెతుక్కుంటున్నప్పుడు, "ఇటు, ఇటు" అని పైకే అనేశాడు. ముసలాయన విననట్టు కూర్చున్నాడు.

రెండు గంటలకి బిట్టు పైకి లేచి మూలకి పోయి ఆగింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

దాలినాయుడు బ్రష్షుతో పొట్టు ఊడ్చాడు. చెక్కకేం కాలేదు. వరాలు ముగ్గు, ఆమె గీసింది గీసినట్టు, పనసచెక్క మీద ఉంది. చివర్న జానెడు మేర చెక్క అలాగే మిగిలిపోయింది. గీత ఆగిపోయిన చోటికీ మొదలైన చోటికీ మధ్య నాలుగు చుక్కలు, అంతే.

అతను ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. చూడలేకపోయాడు. గూట్లోంచి సన్న ఉలి తీసుకుని, స్టూలు ఎదురుగా బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచినాను గురువుగారూ. ఈ కొసరు మట్టుకు నా సేత్తో కలిపేస్తాను."

ఉలి మొన గీత ఆగిన చోట ఆనింది. మొన చెక్క మీద టకటకమంటోంది.

సింహాద్రాచారి ముందుకి వంగి, ఆ నాలుగు చుక్కల మీద తన అరచెయ్యి పరిచాడు. ఉలి మొన సరిగ్గా ఆయన వేళ్ల పక్కన ఉంది.

"సెయ్యి తియ్యండి గురువుగారూ. తెగుతాది."

ఆయన తియ్యలేదు.

"రేపు సంవత్సరీకం. కలవని ముగ్గు గుమ్మం కాడ పెట్టకూడదంటారు. ఇంటికి అరిష్టమంటారు." దాలినాయుడు ఉలి వెనక్కి తీసుకోలేదు. "తియ్యండి."

ముసలాయన సరిగా ఆనని కళ్లు ఎత్తి, అతని మొహం ఉన్న వైపు చూశాడు.

"ఆ పిల్లే ఎల్లిపోనాక ఇంకేటి అరిష్టం, నాయినా?"

దాలినాయుడి చేతిలోంచి ఉలి జారిపోయింది. నుదురు పనసచెక్క మీద ఆనించి, పోయిన ఏడాది ఏడవవలసిన ఏడుపంతా ఏడ్చాడు. సింహాద్రాచారి ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చెయ్యి అతని తల మీద పెట్టాడు.